ఒకే సరుకు, ఒకే చోట

5 జూలై 1998, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు నన్నూ మత్స్యలింగాన్నీ ఉండమన్నారు. ఖాళీ అయిన సంఘ పెద్ద స్థానానికి మా ఇద్దరి పేర్లు వచ్చాయట. ఆగస్టు మూడో ఆదివారం సంఘమంతా చేతులెత్తి తేలుస్తుంది. దానికి ముందు వారం అయ్యగారూ, ఆయన భార్య అమ్మగారూ, పాత పెద్దలూ మా ఇళ్ళకి వచ్చి, చూసి, భోంచేసి వెళతారు.

"సొంత ఇల్లు ఏలుకోలేనివాడు దేవుడి ఇల్లు ఏం ఏలతాడు? లేఖనం అడిగే ప్రశ్నే కదా, జ్ఞానరాజుగారూ" అన్నారు అయ్యగారు.

ఆయన మాట ముగించే లోపే అధ్యాయమూ వచనమూ చెప్పేశాను. మత్స్యలింగం తల ఊపాడు. అతనికి వచ్చిన ప్రార్థన అదొక్కటే. సముద్రం ఒడ్డు నించి చేపలు తెచ్చి నర్సీపట్నం అబీద్ సెంటర్లో అమ్ముకుంటాడు, గుడిలో చివరి బల్ల మీద కూర్చుంటాడు, నోరు విప్పడు. నేనో? ఏ కాలేజీ గడపా తొక్కకుండా, నా ఫ్రేముల దుకాణంలో అద్దాలు కోస్తూ కోస్తూ లేఖనం అంతా నోటికి తెచ్చుకున్నవాణ్ణి. నేను బల్ల గుద్ది చెబితే పక్క వీధి పాపులు కూడా లేచి కూర్చుంటారు.

ఇందులో పోటీ ఏమీ లేదు. ప్రభువు పనిలో పోటీ ఏమిటి!

అయితే ఇంటికొచ్చి నలువైపులా చూశాను. చూడకుండా ఉండాల్సింది. కుర్చీ మీద బట్టలు, బట్టల కింద పాటల పుస్తకాలు, వాటి కింద ఉల్లిపాయలు. వంటగదిలో పప్పు డబ్బాలో కారం పొట్లం. కిందటిసారి ఇంటి కూటం పెట్టినప్పుడు ముగింపు ప్రార్థన మధ్యలో దుప్పట్ల దొంతర లోంచి ఎలుక బయటికొచ్చి అమ్మగారి పాదాల మీదుగా పోయింది. అది ఎవరూ మరిచిపోయి ఉండరు.

రోగంతో ఉన్న రాజుకి ప్రవక్త ఏం చెప్పాడు? ఇల్లు చక్కబెట్టుకోమన్నాడు. ఇది నాకు వచ్చిన పిలుపు. (ఆ రాజుకి అలా చెప్పింది చావు దగ్గరపడిందని. అది వేరే సంగతి.)

7 జూలై

ఎస్తేరమ్మ కృష్ణదేవిపేట వెళ్ళింది. వాళ్ళమ్మ బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకుంది. నెలరోజులు పడుతుందట. మామగారి ఇంటి కష్టాన్ని కష్టం అనే అనాలి గానీ, ప్రభువు వేళ మాత్రం అద్భుతం. ఇల్లు నా చేతికొచ్చింది.

బస్సు కిటికీ లోంచి ఆగకుండా చెబుతూనే ఉంది. "పాలోడికి సెప్పాను. జ్యోతిని బేగి లేపకండి, పరీచ్చలున్నాయి. మంచం కింద నీలం డ్రమ్ము జాగర్తండీ, దాన్ని మాత్రం..." సరిగ్గా అప్పుడే బుధవారం ప్రసంగానికి మూడో పాయింటు తట్టింది. మరిచిపోకుండా చెయ్యి మీద రాసుకున్నాను. బస్సు కదిలింది. నేను చెయ్యి ఊపాను, ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఆడవాళ్ళు ఊరెళ్ళేటప్పుడు మనుషుల కన్నా డబ్బాల గురించే ఎక్కువ బెంగపడతారు.

9 జూలై

మొదలుపెట్టాను. మొదటి నియమం నోవహు ఓడ లోంచి తీసుకున్నాను: ఈ ఇంట్లో ఉండాల్సినవి జతలుగా ఉండాలి. జత లేనివి అటక మీదికి. ఒంటి చెప్పు, మూత లేని డబ్బా, డబ్బా లేని మూత, చెవి విరిగిన కప్పు అన్నీ ఎక్కేశాయి. గరిటె ఒక్కటే ఉంది. చాలాసేపు ఆలోచించి అట్లకాడని దాని జతగా లెక్కగట్టాను.

"మరి అమ్మొచ్చేదాకా నువ్వూ ఒంటోడివే గదా నాన్నా. అటకెక్కుతావేటి?" అంది కృపాజ్యోతి.

ఇంటర్ చదువుతున్న పిల్ల. ఈ వయసులో నోరు అలాగే ఉంటుంది. దాని జడరిబ్బన్లు కూడా జతలుగా లేవు. ఎక్కించేశాను.

రెండో నియమం మా దుకాణం లోంచి వచ్చింది. పనిముట్లు తగిలించే గోడ మీద సుత్తికి సుత్తి బొమ్మ, రంపానికి రంపం బొమ్మ గీసి ఉంచుతాను. ఏది లేకపోయినా గోడే చెబుతుంది. వంటింటి గోడకి మేకులు కొట్టి ప్రతి గిన్నె చుట్టూ సుద్దతో గీత గీశాను. మిగిలిపోయిన ఫ్రేము చెక్కలతో అలమర కట్టాను. చూస్తే నాకే కన్నీళ్ళొచ్చాయి. సొలొమోను గుడి కట్టినప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది.

కృపాజ్యోతి గిన్నెలు కడిగి, తడి ఆరకుండా తగిలించి, సుద్ద గీతలు చెరిపేసింది. మళ్ళీ గీశాను.

12 జూలై, ఆదివారం

కానుకలప్పుడు ఆడవాళ్ళు గుప్పెడు బియ్యం సంచులు తెచ్చారు. మా సంఘంలో తాతల నాటి ఆచారం. ప్రతి ఇంటి ఇల్లాలూ అన్నానికి బియ్యం కొలిచాక, ఎసట్లో పొయ్యకముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి ముంతలో వేస్తుంది. ఆదివారం గుడికి తెస్తుంది. మూడు నెలలకోసారి విధవరాళ్ళకి పంచుతారు. ఆగస్టు మొదటి ఆదివారం పంపకం. నేను దీని మీద చెప్పిన ప్రసంగానికి మాకవరపాలెంలో ఒక ముసలాయన మూర్ఛపోయాడు.

పోగైన సంచి అమ్మగారు తీసుకుని "ఎస్తేరమ్మగారు వచ్చేదాకా ఇవి మా ఇంట్లో పెడతాను" అన్నారు. బియ్యానికీ ఎస్తేరమ్మకీ ఏమిటి సంబంధం? గుడి వెనక సామాన్ల గదిలోనే కదా పెట్టేది. స్త్రీల సమాజం వాళ్ళకి ఏవో సొంత ఏర్పాట్లుంటాయి. నేను తల దూర్చను.

14 జూలై

మూడో నియమం ఈ రోజే దొరికింది. ఒకే మంద, ఒకే కాపరి. కాబట్టి ఒకే సరుకు, ఒకే చోట. చింతపండు మూడు చోట్ల ఉంది, ఒక జాడీలోకి తెచ్చాను. సబ్బులు, కొవ్వొత్తులు, సూదులు అన్నీ అంతే.

మంచం కిందికి దూరితే నీలం డ్రమ్ము. మూత తీస్తే అంచు దాకా బియ్యం!

నేను ఆ చాప మీదే కూలబడ్డాను. వంటింట్లో డబ్బా నిండా బియ్యం ఉండగా, మంచం కింద ఇంకో డ్రమ్ము దాచుకుంది నా భార్య. అరణ్యంలో దేవుడు కురిపించిన మన్నా ఆహారాన్ని రేపటికి దాచుకున్నవాళ్ళకి ఏమయింది? పురుగు పట్టింది. చెయ్యి పెట్టి చూశాను. పట్టింది! లేఖనం తప్పదు. కోపమొచ్చింది, తర్వాత జాలి వేసింది. స్త్రీ బలహీనమైన ఘటం.

బియ్యమంతా ఎండబెట్టి, చెరిగి, వంటింటి డబ్బాలోకి పోశాను. పట్టనంత మిగిలితే గోనెసంచిలోకి ఎత్తి మూతి కుట్టాను.

కాలేజీ నించి వచ్చిన కృపాజ్యోతి మంచం కింద చూసి బిగుసుకుపోయింది.

"నాన్నా, డ్రమ్ములో బియ్యం ఏవి? అవి మన..."

"ప్రశ్న ఇంటి క్రమానికి చెదపురుగు" అన్నాను. "నేను సర్దిన దాని గురించి ఇక ఈ ఇంట్లో ఎవరూ అడగకూడదు, చెప్పకూడదు. అమ్మ పద్ధతి అమ్మతో పాటు బస్సెక్కింది."

"చెప్పకూడదా?"

"చెప్పకూడదు."

"సరే అయితే" అని పుస్తకం తీసుకుంది. ఇంత తొందరగా లోబడటం నేను ఎప్పుడూ చూడలేదు. క్రమశిక్షణ మహిమ.

15 జూలై

ఖాళీ డ్రమ్ము బోర్లించి లేసు గుడ్డ కప్పి దాని మీద నా లేఖనం పెట్టాను. ఇంటి కూటాలకి ప్రసంగ పీఠం. ఎత్తు సరిగ్గా కుదిరింది.

19 జూలై, ఆదివారం

మాకవరపాలెంలో కొత్త గుడి ప్రతిష్ఠ. సాయంత్రం ప్రసంగం నాదే. అంశం: ఇంటి క్రమం. జతల నియమం చెప్పాను, సుద్ద గీతల నియమం చెప్పాను. ఆడవాళ్ళు నవ్వారు, మగవాళ్ళు భార్యల వైపు చూశారు. ఆ తర్వాత సాక్ష్యం చెప్పాను. "నా ఇల్లు చక్కబెట్టుకున్నాను. ప్రభువు నా మంచం కింద ధాన్యాగారం చూపించాడు!" షామియానా అదిరింది.

ఆ ఊపులో, వెంట తెచ్చుకున్న బియ్యం గోనెసంచి లోపలికి తెప్పించాను. "నా ఇంటి సమృద్ధి లోంచి ఈ విందుకి నా కానుక!" అన్నాను. వాళ్ళు నాకు శాలువా కప్పారు. ఆ రాత్రికే ఊరంతటికీ వండి పెట్టారు. నేను కూడా తిన్నాను. అన్నం కొంచెం అదోలా ఉంది. వంద మందికి వండేటప్పుడు మామూలే.

శాలువాకి జత లేదు. అయినా అటక ఎక్కించలేదు.

22 జూలై

ఇంట్లో అన్నం బాగుండటం లేదు. ఒక మెతుకు పలుకు, ఒక మెతుకు ముద్ద. కొన్ని మెతుకులు ఎర్రగా ఉంటాయి. ముద్ద కలుపుతుంటే వేళ్ళ మధ్య అన్యోన్యత లేని కుటుంబంలా ఉంది.

"కుక్కరు సరిగా పెట్టడం రాదా?" అన్నాను.

"బియ్యం అలాగున్నాయి నాన్నా. చెప్పమంటే చెబుతాను" అంది జ్యోతి.

"సాకులు వద్దు" అన్నాను.

24 జూలై

గుప్పెడు బియ్యం కాగితంలో పొట్లం కట్టుకుని కిరాణా సింహాద్రి దగ్గరికి పోయాను. ఎస్తేరమ్మ సరుకులు అక్కడే కొంటుంది. కల్తీ చేసే త్రాసు దేవుడికి అసహ్యం అని కొట్టు ముందు నిలబడి, నలుగురూ వినేలా చెప్పాను.

సింహాద్రి పొట్లం విప్పి అరచేతిలో పోసుకుని బియ్యం వేలితో కదిపాడు.

"గురువుగారూ, ఇందులో దంపుడు బియ్యముంది, కంట్రోలు బియ్యముంది, ఉప్పుడు బియ్యముంది, సన్నాలున్నాయి. ఏ మిల్లోడూ ఇలాగ కలపడండీ. మీరేటనుకోనంటే ఒక మాట."

"చెప్పు."

"ఇది ఇంటింటికీ ఎల్లి అడుక్కున్న బియ్యంలాగుంది."

కొట్టులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను పాదాల దుమ్ము దులుపుకుని వచ్చేశాను. అన్యుడికి నా ఇంటి మీద ఎంత అసూయ!

29 జూలై

కృష్ణదేవిపేట ఆటో నడిపే కుర్రాడు దుకాణానికొచ్చి ఎస్తేరమ్మ కబురు చెప్పాడు. వాళ్ళమ్మ లేచి నడుస్తోందట. "నీలం డ్రమ్ము ఎలాగుందో కనుక్కు రమ్మన్నారండి" అన్నాడు. నేను ఎలా ఉన్నానని అడగలేదా అంటే, తల గోక్కున్నాడు.

"డ్రమ్ము బాగుంది, ప్రభువు సేవలో ఉంది అని చెప్పు" అన్నాను.

2 ఆగస్టు, ఆదివారం

ఆరాధన అవగానే విధవరాళ్ళు సంచులు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. గున్నమ్మ అందరికీ ముందు. సంఘంలో అందరికన్నా ముసలిది, నోరు మాత్రం ముసలిది కాదు.

"ఏటి బావూ, ఈ పాలి బియ్యం పంచరేటి?" అని నన్నే అడిగింది.

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను సామాన్ల గది తెరిపించాను. ఎలకల పెంటికలు, చిరిగిన ఖాళీ సంచి తప్ప ఏమీ లేదు. మూడు నెలల బియ్యం! నా రక్తం మరిగింది. ఎవరో పరిశుద్ధమైన దాన్ని ముట్టుకున్నారు.

అమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. "జ్ఞానరాజుగారూ, కంగారు పడకండి. ఈ మధ్య వచ్చిన బియ్యం మా ఇంట్లో ఉన్నాయి, ఈ పూటకి తలా కాస్త సర్దుతాను. మిగిలినవి ఎక్కడికీ పోవు. మీరు మాత్రం ఒకసారి మీ ఇల్లు చూసుకోండి."

వచ్చే ఆదివారం భోజనాలు నాకు గుర్తు చేస్తున్నారు, ఎంత మర్యాదగా!

గున్నమ్మ సగం నిండని సంచి భుజాన వేసుకుని, "నాలుగు పూటలకొస్తాది. ఐదో పూట వొచ్చి మీ గుమ్మంలో కూకుంటాను" అని అందరినీ ఉద్దేశించి అంది.

5 ఆగస్టు, బుధవారం

బుధవారం కూటం నాది. ఆకాను మీద చెప్పాను. యెరికో పడిపోయినప్పుడు దేవుడికి చెందినదాన్ని దొంగిలించి, తన గుడారంలో నేల కింద పాతిపెట్టుకున్నవాడు. "ఓ ఆకానూ! నీ గుడారం ఈ నర్సీపట్నంలోనే ఉంది! నీ మంచం కింద వెతుకు!" అని బల్ల మీద గుద్దాను. మణికట్టు వాచింది.

ఆడవాళ్ళ వైపంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదిలిపోతున్నాయి. ఇంతటి పశ్చాత్తాపం నా ప్రసంగానికి ఇంతకుముందెన్నడూ రాలేదు.

చివర్లో ఒక సవాలు విసిరాను. "ప్రతి ఇల్లూ వెతకాలి. మొదట నా ఇంటితో మొదలుపెట్టండి. ఆదివారం ఎలాగూ వస్తున్నారు!"

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

8 ఆగస్టు

పెద్దలు ఈ రోజు మత్స్యలింగం ఇంటికి వెళ్ళారట. ఒక్క గదిలో చూడ్డానికి ఏముంది? చేపల పులుసు పెట్టాడట.

9 ఆగస్టు, ఆదివారం

రాయాలని లేదు. రాస్తున్నాను.

వచ్చారు. అయ్యగారు, అమ్మగారు, ఇద్దరు పాత పెద్దలు. విందుకి బీదల్ని పిలవమని లేఖనం చెప్పింది కాబట్టి గున్నమ్మని కూడా పిలిచాను. ఇల్లంతా తిప్పి చూపించాను. సుద్ద గీతల మధ్య గిన్నెలు, అలమర, జతలు. "ఎలక రాదు కదా?" అని అమ్మగారు నవ్వారు. "రావాలంటే జతగా రావాలి" అన్నాను. అందరూ నవ్వారు. అంతవరకూ బాగానే ఉంది. అయ్యగారు డ్రమ్ము పీఠానికి ఆనుకుని నిలబడి ఆశీర్వాదం చెప్పారు.

చాపల మీద కూర్చున్నాం. కృపాజ్యోతి కోడికూర వడ్డించింది, అన్నం వడ్డించింది. ఈ రోజు దాని ముఖం చాలా ప్రశాంతంగా ఉంది.

గున్నమ్మ ముద్ద కలపలేదు. ఎర్ర మెతుకొకటి వేళ్ళతో పైకెత్తి వెలుగులో చూసింది.

"అమ్మగోరూ, ఇది మీ ఇంటి దంపుడు బియ్యం కాదేటి? మీ తమ్ముడు పాడేరు నుండి అంపినయ్యి?"

అమ్మగారు తన ఆకు వైపు చూశారు. "అవును, మావే" అన్నారు మెల్లగా.

"ఈ ఉప్పుడు బియ్యం మా కోడలేసినయి" అన్నాడు ఒక పెద్ద.

రెండో పెద్ద కంట్రోలు బియ్యం మెతుకులు ఒక పక్కకి చేరుస్తున్నాడు. అవి ఎవరివో అతనికి తెలుసు.

"నీలం డ్రమ్ములో పెట్టాం కదా" అన్నారు అమ్మగారు. "గుడిలో ఎలకలు పడుతున్నాయని వేసవి నించీ ఎస్తేరమ్మగారి దగ్గరే ఉంచుతున్నాం. జ్ఞానరాజుగారూ, డ్రమ్ము ఏది?"

నేను చూపించాల్సిన అవసరం రాలేదు. అందరూ అటే చూశారు. లేసు గుడ్డ కింద నీలం అంచు కనబడుతోంది.

నేను కృపాజ్యోతి వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా."

"ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు సర్దిన దాని గురించి చెప్పకూడదన్నావు గదా. రెండోసారి కూడా అడిగాను. కూర వెయ్యనా?"

గున్నమ్మ అందుకుంది. "విధవరాళ్ళ బియ్యం తిన్నాడంటే ఈ బావూ మాలో కలిసిపోనాడన్న మాట. పాపం, ఎస్తేరమ్మ రాయిలాగుండగానే!"

మొదట నవ్వింది అమ్మగారు. తర్వాత పెద్దలు. అయ్యగారు నవ్వు ఆపుకోడానికి మంచినీళ్ళు తాగబోతే పొలమారింది.

మాకవరపాలెం సంచి మాట కూడా చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

గున్నమ్మ భోంచేసింది. ఆకులో ఒక్క మెతుకు మిగల్చలేదు. "మాయే గదా" అంది.

10 ఆగస్టు

దుకాణం తెరవలేదు. జలుబు.

11 ఆగస్టు

దొరికింది! దావీదు! ఆకలిగా ఉన్నప్పుడు యాజకులు తప్ప ఎవరూ తినకూడని రొట్టె తిన్నాడు, తన వాళ్ళకీ పెట్టాడు. నేనూ తిన్నాను, మాకవరపాలెం వాళ్ళకీ పెట్టాను. సరిగ్గా అదే. దావీదుని ఎవరైనా పదవి లోంచి తీసేశారా? తర్వాత రాజు కూడా అయ్యాడు. ఆదివారం ఇదే చెబుతాను.

13 ఆగస్టు

ఎస్తేరమ్మ వచ్చింది. సంగతంతా ఆటోలోనే విందట. గుమ్మంలో చెప్పులు విడిచి, వంటింటి గోడ ముందు నిలబడి, సుద్ద గీతలన్నీ చూసింది. అట్లకాడని తీసి చూసింది. అటక వైపు చూసింది.  

నేనే మొదలుపెట్టాను. దావీదు సంగతి మొత్తం చెప్పాను. ఆమె డ్రమ్ము మీది లేఖనం జాగ్రత్తగా తీసి బల్ల మీద పెట్టి, లేసు గుడ్డ మడతపెడుతూ వింది.

"దావీదు ఆకలేసి తిన్నాడండీ. మీకు ఆకలేసిందేటి?"

జవాబు కోసం రెండు నిబంధనల్లోనూ వెతికాను.

14 ఆగస్టు

సింహాద్రి దగ్గర మంచి సన్నబియ్యం బస్తా కొని రిక్షాలో అమ్మగారి ఇంటికి పంపాను. విషయం ముగిసిందనుకున్నాను. సాయంత్రానికి అదే రిక్షాలో తిరిగొచ్చింది. వెనకాల స్త్రీల సమాజం నడిచి వచ్చింది.

"కొన్న బియ్యం పనికిరావండీ" అన్నారు అమ్మగారు. "గుప్పెడు బియ్యమంటే ఆ ఇంటివాళ్ళు తినాల్సిన దాంట్లోంచి తీసింది. బస్తా వేస్తే అది ధర్మం అవుతుంది. గుప్పెడు కాదు."

"మరేం చెయ్యమంటారు?"

ఎస్తేరమ్మ లోపలి నించి జవాబు చెప్పింది. "సంచి పట్టుకుని గుమ్మాల ముందు నిలబడాలి. ఎసరు పెట్టే యేళకి ఎల్లాలి. రోజూ. పోయినంతా పోగయ్యేదాకా."

"మగవాడినా?"

"విధవరాళ్ళ బియ్యం తిన్నప్పుడు మగోణ్ణని అడ్డురాలేదు గదా" అంది.

ఎన్నిక ముందు అది కుదరదని చెప్పాను. సంఘంలో గౌరవం ఉంటేనే సేవ. సంఘ పెద్దని అయ్యాక అయితే ఆలోచించవచ్చు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు.

16 ఆగస్టు, ఆదివారం

మా ఇద్దరినీ చెరొక మాట చెప్పమన్నారు.

మత్స్యలింగం లేచి, "నాకు మాటలు రావండి. గున్నమ్మ గారింటి కప్పు కారతాంది. అది రేపు నేస్తానండి" అని కూర్చున్నాడు.

నేను దావీదు గురించి చెప్పాను. బాగా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఎవరూ దగ్గలేదు, అటూ ఇటూ కదలలేదు. నన్ను నేనే మించిపోయానని అనిపించింది.

చేతులెత్తమన్నారు. ముందు నాకు. మగవాళ్ళ వైపు కొన్ని లేచాయి. ఆడవాళ్ళ వైపు గాలి కూడా కదలలేదు. తర్వాత మత్స్యలింగానికి. ఆడవాళ్ళ వైపు చేతులన్నీ లేచాయి. ఎస్తేరమ్మ చెయ్యి కూడా లేచింది. తల మీద ముసుగు సర్దుకుంటోందని అనుకున్నాను. లెక్కపెట్టడం అయ్యేదాకా సర్దుకుంటూనే ఉంది.

ఇంటికి నడుస్తూ అడిగాను. "నువ్వు కూడానా?"

"ఎన్నికయ్యాక సంచి సంగతి ఆలోచిస్తానన్నారు గదండీ" అంది. "గున్నమ్మ ఐదో పూట ఎప్పుడో దాటిపోయింది."

17 ఆగస్టు

ప్రభువు చిత్తం. పదవులు మనుషులవి. నాకు ఆశ ఎప్పుడూ లేదు.

18 ఆగస్టు

సంచి పట్టుకుని బయల్దేరాను. వీధి చివర నించి మొదలుపెట్టాను, అక్కడైతే తెలిసినవాళ్ళు తక్కువ.

మొదటి గుమ్మంలో గొంతు సవరించుకుని, బీద విధవరాలు ప్రవక్తకి రొట్టె పెట్టిన కథ ఎత్తుకున్నాను. ఆ ఇల్లాలు చేట పట్టుకుని వింటూ, వింటూ, "అన్నా, ఎసరు మరిగిపోతాంది. సంచి తెరువు" అంది. రెండో గుమ్మంలో కథ సగానికి కుదించాను. ఆ ముసలావిడ, "మొన్న బల్ల గుద్ది ఆకాను, ఆకాను అన్నావు. ఇదేనా ఆ గుడారం?" అని సంచి లోపలికి తొంగి చూసి మరీ వేసింది. మూడో ఇంట్లో పేరు మాత్రమే చెప్పాను. ఆ తర్వాత ఇళ్ళలో అదీ చెప్పలేదు. గుమ్మం ముందు నిలబడి సంచి తెరిస్తే చాలు. గుప్పెడు పడిన చప్పుడు ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా ఉంటుంది. కొందరి గుప్పెళ్ళు చిన్నవి. వాళ్ళిళ్ళలో పిల్లలెక్కువ.

సింహాద్రి కొట్టు దాటుతుంటే అతను చూశాడు. ఏదో అనబోయాడు. అనలేదు. ఇంట్లోకి కేకేసి వాళ్ళావిడ చేత గుప్పెడు తెప్పించాడు. "మా ఇంటి అన్నంలోయే గురువుగారూ, కొట్టులోయి కావు" అన్నాడు. వాళ్ళు మా సంఘం కాదు. తీసుకోవచ్చో లేదో లేఖనంలో చూసుకోవాలి. సంచి మాత్రం అప్పటికే తెరిచి ఉంది.

చివరికి మా గుమ్మం. అలవాటుగా లోపలికి అడుగు వేశాను.

"బయటే నిలబడండి" అంది ఎస్తేరమ్మ. "తెస్తాను."

నిలబడ్డాను. అరుగు మీంచి మా ఇల్లు చూశాను. కుర్చీ మీద మళ్ళీ బట్టలున్నాయి. వంటింట్లో ఆమె ముగ్గురికి బియ్యం కొలిచింది. కొలిచిన దాంట్లోంచి ఒక గుప్పెడు తీసి తెచ్చి నా సంచిలో వేసింది. పెద్ద గుప్పెడు. ఎవరి వంతులోంచి తీసిందో చెప్పలేదు.

భోజనానికి కూర్చున్నాక తెలిసింది.